సూది తాత ఎక్కిళ్ళ రోగం

లిఫ్టులో పక్కవాళ్ళు తుమ్మితే అందరూ ముక్కు మూసుకుంటారు. వాళ్ళకు ఎక్కిళ్ళు వస్తే నేను చెవులు మూసుకుంటాను. మొన్న మాదాపూర్‌లో మా ఆఫీసు లిఫ్టులో అదే జరిగింది. నాలుగో అంతస్తులో ఎక్కిన కుర్రాడికి ఐదు దాటగానే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. నా రెండు చేతులూ వాటంతటవే చెవుల మీదికి వెళ్ళిపోయాయి. చేతిలోని టిఫిన్ డబ్బా కింద పడి, మూత ఊడి, లిఫ్టంతా పులిహోర వాసన. ఆ అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకుని, "అంత గట్టిగా వచ్చిందా మేడమ్?" అన్నాడు.

"నీ తప్పేం లేదు బాబూ. చిన్నప్పుడు అంటుకున్న జబ్బు," అన్నాను.

ఆ జబ్బు అంటించిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. నా దగ్గర ఆయన ఫోటో ఒక్కటీ లేదు. పేరు తెలుసు గానీ ఆ పేరుతో మా వీధిలో ఎవరూ పిలిచేవారు కాదు, కాబట్టి నేనూ పిలవను. పిల్లలందరికీ ఆయన సూది తాత.

మేము మాదాపూర్ వచ్చేనాటికి నాకు పన్నెండేళ్ళు. బండరాళ్ళ మధ్య గుండ్రటి భవనం ఒకటి లేస్తోందనీ, దానికి టెలిఫోన్ లైన్లు బోలెడు కావాలనీ, టెలిఫోన్ శాఖలో పనిచేసే మా నాన్నను తెనాలి నుంచి ఇక్కడికి వేశారు. ఊళ్ళో ఒక పెంకుటింట్లో ముందు రెండు గదులు కిరాయికి దొరికాయి. వెనక గదుల్లో ఇంటాయన, ఆయన భార్య. లారీ లోంచి మంచాలు దిగుతుండగా ఆ ఇంటాయన తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఖాకీ చొక్కాలో. పేరడగలేదు, ఊరడగలేదు. బొటనవేలితో నా కింది కనురెప్పను లాగి లోపలికి చూశాడు.

"రక్తం మంచిగనే ఉంది. ఇగ చెప్పు, ఏం పేరు?"

నేను పేరు చెప్పేలోగా ఆయన మా అమ్మ వైపు తిరిగి, "అమ్మా, జర కన్ను..." అన్నాడు. అమ్మ చేతిలోని బిందెతో సహా ఇంట్లోకి పరుగెత్తింది.

మలేరియా శాఖలో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి ఆయన. సైకిలు మీద ఊరూరా తిరిగి, జ్వరమున్న వాళ్ళ వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కను గాజు పలక మీద తీసుకోవడం ఆయన ఉద్యోగం. నేను చూసేనాటికి సూదీ లేదు, పలకా లేదు. అయినా చిన్నపిల్లలు ఆయన కనబడితే చాలు, వేళ్ళు ముడుచుకుని పిడికిళ్ళు బిగించేవారు. ఆయనకది మహా సంబరం. పనిగట్టుకుని దగ్గరికి వెళ్ళి, చెవిలో రహస్యంగా, "సూది ఇంట్ల మర్చిపోయిన. రేపు తెస్తా," అనేవాడు.

ఉద్యోగం పోయినా చేతి అలవాటు పోలేదు. వాళ్ళ శాఖ పద్ధతి ప్రకారం, చూసిన ప్రతి ఇంటి గోడ మీదా తేదీ, జ్వరాల సంగతి రాసి రావాలట. రిటైరయ్యాక కూడా ఆదివారం పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని మా వీధి తలుపులన్నిటి మీదా రాసుకుంటూ పోయేవాడు. మేము దిగిన మొదటి ఆదివారం మా తలుపు మీద ఇలా రాశాడు: "ముగ్గురు. జ్వరం లేదు. ఒకరికి కోపం."

అమ్మ తడిగుడ్డ తెచ్చి తుడిచింది. మరుసటి వారం, "ముగ్గురు. జ్వరం లేదు. కోపం తగ్గలేదు," అని రాశాడు.

ఎవరింట్లో మంచినీళ్ళిచ్చినా ముందు వాసన చూసేవాడు. "ఏ బాయిది?" అని బావి సంగతి అడిగాకే తాగేవాడు. తెనాలి నుంచి వచ్చిన మా బాబాయి దీన్ని పెద్ద అవమానంగా తీసుకున్నాడు. గాల్లో ఎగిరే దోమను పిడికిట్లో పట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది ఆడది. కుట్టేది గిదే. మగది పాపం ఎవలినీ ఏమనదు, చెట్ల రసం తాగి బతుకుతది," అని మాకు పాఠం చెప్పేవాడు. లోపలి నుంచి ఆయన భార్య, మేమంతా అవ్వ అని పిలిచే ఆమె, "ఈ ఇంట్ల మాత్రం ఉల్టా!" అని అరిచేది.

కానీ సూది తాత అంటే మాకు అసలు ఆకర్షణ ఇవేవీ కావు. ఆయన ఒక నవల రాస్తున్నాడు.

ఇంటి వెనక పెద్ద బండ ఒకటి ఉండేది, పది పదిహేనుమంది కూర్చునేంత వెడల్పు. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా ఆ గుండ్రటి భవనం, దాని చుట్టూ కర్రల కట్టడం, ఇనుప చువ్వలు మోస్తున్న కూలీలు కనబడేవారు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పిల్లలం ఆ బండెక్కేవాళ్ళం. తాత పాత మలేరియా కాగితాల వెనకవైపు రాసిన కథ చదివేవాడు. ముందువైపు గీతలు, జ్వరాల వివరాలు. వెనకవైపు రెండు వేల యాభయ్యో సంవత్సరం.

కథ ఇది. ఆ గుండ్రటి భవనం పూర్తయి ఎన్నో ఏళ్ళయింది. పై అంతస్తులో ఒక పిల్ల మిరపకాయ బజ్జీ గబగబా తింటూ ఢిల్లీకి ఫోన్ చేస్తుంది. మాట మధ్యలో ఎక్కిలి వస్తుంది. ఆ ఎక్కిలి విన్న ఢిల్లీ మనిషికి ఎక్కిళ్ళు పట్టుకుంటాయి. అతను లండన్‌తో మాట్లాడతాడు, లండన్ టోక్యోతో. వారం తిరిగేసరికి ప్రపంచమంతా ఎక్కిళ్ళే. నీళ్ళు తాగితే తగ్గవు, భయపెడితే తగ్గవు. మంత్రులు ప్రమాణ స్వీకారం చేయలేరు. పైలెట్‌కు ఎక్కిలి వచ్చినప్పుడల్లా విమానం గాల్లో ఒక్క గెంతు గెంతుతుంది. సైనికులకు గురి కుదరక యుద్ధాలన్నీ ఆగిపోతాయి. "గిదొక్కటి మంచిగైంది," అని తాత అక్కడ కాసేపు ఆగి మా ముఖాలు చూసేవాడు. డాక్టర్లు కోట్ల కొద్దీ నోటిగుడ్డలు కుట్టించి అందరి నోళ్ళకూ కట్టిస్తారు. ఫలితం సున్నా. ఎందుకంటే ఈ రోగం పోయేది నోటి నుంచి కాదు, చెవి నుంచి. ఆ సంగతి కనిపెట్టింది మాదాపూర్ పిల్లలు ఇద్దరే.

భయమేసే చోట నవ్వొచ్చేది, నవ్వొచ్చే చోట భయమేసేది. మధ్యాహ్నం బండలు పేల్చే ముందు పనివాళ్ళు ఈల వేసేవారు. తాత ఆ రోజు భాగాన్ని సరిగ్గా ఆ ఈల సమయానికి కీలకమైన చోట ఆపేవాడు. ఢామ్మని పేలుడు వినబడేది. మేము చెవులు మూసుకుని ఇళ్ళకు పరుగెత్తేవాళ్ళం.

ఒక్క షరతు మాత్రం పెట్టేవాడు. తరువాతి భాగం కావాలంటే, కథలో కొత్తగా రోగమొచ్చిన మనిషికి అది ఎక్కడి నుంచి వచ్చిందో మేమే చెప్పాలి. "మూడు ప్రశ్నలు అడుగుర్రి. ఎవలు? ఎప్పుడు? అంతకు ముందు యాడ ఉన్నరు? రోగం గాల్లకెల్లి ఊడిపడదు. ఎవలో ఒకలు తెస్తరు."

వీటన్నిటికీ ముందుగా చెయ్యెత్తేది రజిత. మా పక్క వీధిలో పాలు పోసే మల్లయ్య కూతురు. నా వయసుదే, నాకంటే రెండింతలు ధైర్యం. తాతను సైతం నిలదీసేది. "టోక్యోల మన తెలుగు ఎవలికి సమజైతది తాతా?" అనేది. "ఎక్కిలికి భాష ఉంటదా బిడ్డా?" అనేవాడాయన.

ఈ నవలను ఒక పిల్లల మాసపత్రికకు పంపితే తిరిగొచ్చింది. సంపాదకుడు ఒక ముక్క రాసి పంపాడు, పిల్లలు భయపడతారని. తాత ఆ ఉత్తరాన్ని వీధిలో అందరికీ చూపించాడు. "పిల్లలు భయపడ్తరని రాసిండు. అంటే ఆయన భయపడ్డడు. కథ బాగున్నట్టే!"

భయపడింది మేమే. ఎంతలా అంటే, మా ఇంట్లో ఫోను మోగితే నేను ముట్టుకునేదాన్ని కాదు. ఒక సాయంత్రం అమ్మ బలవంతం చేస్తే ఎత్తాను. అవతల తెనాలి నుంచి మా అమ్మమ్మ. "ఏమే, బాగున్నావా? పరీక్షలు... హిక్!" నేను రిసీవర్ వదిలేసి, చెవులు మూసుకుని వాకిట్లోకి పరుగెత్తి, వీధంతా వినబడేలా అరిచాను. రజిత వాళ్ళింటి దాకా వార్త వెళ్ళింది. గంటలో మా వీధి పిల్లలంతా చెవుల్లో దూది పెట్టుకున్నారు. మర్నాడు బడిలో పంతులుగారు ఏం చెప్పారో ఒక్కరికీ వినబడలేదు.

నాన్నకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంటింటికీ ఫోను పెట్టించడానికి తాను తిరుగుతుంటే, ఫోను ముట్టుకుంటే రోగమని ఇంటాయన ప్రచారమా? చొక్కా వేసుకుని వెనక గదుల వైపు వెళ్ళాడు. నేను కిటికీ దగ్గర నక్కాను.

"చూడండి, పెద్దవారు మీరు. పిల్లలకు ఇలాంటి పిచ్చి కథలు చెప్తే ఎలాగండీ? మా శాఖ పరువేం కావాలి?"

తాత లేచి, నాన్న దగ్గరగా వచ్చి, కనురెప్ప లాగి చూశాడు. "రక్తం తక్కువుంది సారూ. గందుకే కోపమొస్తుంది. తోటకూర తినుర్రి."

"నేను అడిగేదేంటి, మీరు చెప్పేదేంటండీ?"

"కూసోండి. ఒక్క సంగతి చెప్పుర్రి. ఢిల్లీకి మాట్లాడిన మాట సక్కగ ఢిల్లీకే పోతదా, మధ్యల యాడన్న ఆగుతదా?"

నాన్న కూర్చున్నాడు. అదే ఆయన చేసిన తప్పు. ఎక్స్ఛేంజి అంటే ఏమిటి, ట్రంకు లైను ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంది, ఒక మాట ఎన్ని మెలికలు తిరుగుతుంది, అన్నీ చెప్పాడు. అవ్వ రెండుసార్లు టీ ఇచ్చింది. ఇంటికి వచ్చాక అమ్మ, "గట్టిగా చెప్పారా?" అని అడిగింది. "చెప్పాను. ఆయన కథలో ఎక్కిలి నాగపూర్ మీదుగా పోవాలి. తిన్నగా ఢిల్లీ అని రాశాడు. తప్పు కదా!" అన్నాడు నాన్న. ఆ మరుసటి ఆదివారం నుంచి నాన్న కూడా బండ మీద, వెనక వరసలో కూర్చునేవాడు.

ఎండాకాలం మధ్యలో కథ ఉత్తర ధ్రువానికి చేరింది. ఫోన్ లైను చేరని చోటు ప్రపంచంలో అదొక్కటేనట. రోగం రాని మనిషిని వెతుక్కుంటూ మాదాపూర్ పిల్లలిద్దరూ అక్కడికి వెళ్తారు. ఆ రోజు తాత సైకిలు వెనక గోనెసంచిలో ఏదో కట్టుకుని వచ్చాడు. బండ మీద పెట్టి విప్పితే పెట్టెంత ఐసుగడ్డ! రంపపు పొట్టు కడిగేసరికి తెల్లగా, పొగలు కక్కుతూ మెరిసింది. నెత్తి కాలిపోయే ఎండలో అందరం అరిచాం. "ఉత్తర ధ్రువం గిట్లనే ఉంటది. చెయ్యి పెట్టుర్రి!" అన్నాడు. చేతులు పెట్టాం, బుగ్గలు పెట్టాం. తరువాత ఆయన దాన్ని సుత్తితో పగలగొట్టి, రంగునీళ్ళు పోసి, గ్లాసుల్లో వేసి అందరికీ పంచాడు.

నేను తినలేదు. నాకు టాన్సిల్స్. ఐసు నోట్లో పెడితే మూడు రోజులు జ్వరం, ఆ పైన అమ్మ తిట్లు. అందరూ ఎర్రటి నాలుకలు చాపి నన్ను వెక్కిరిస్తుంటే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

నెల తిరిగింది. తొలకరి పడింది. ఒక పొద్దున్న రజిత మా వాకిట్లోకి వస్తే తాత అలవాటుగా ఆమె కనురెప్ప లాగాడు. రెండో కన్ను కూడా చూశాడు. "బిడ్డా, అన్నం తింటున్నవా?"

"తినబుద్ధి అయితలేదు తాతా. వాంతి వస్తుంది."

"ఇంటికి పోయి పండుకో. మీ నాయనను నేను కలుస్తా."

కామెర్లు. పది రోజుల్లో మా వీధిలో మరో ఆరుగురు పిల్లల కళ్ళు పచ్చబడ్డాయి. అందరూ బండ మీద కూర్చునేవాళ్ళే. కథలో ప్రపంచమంతా పడి లేస్తుంటే నవ్విన మేము, ఏడుగురికే హడలిపోయాం. రజితకు అందరికంటే ఎక్కువైంది. మనిషి మగతగా అయిపోతే పెద్ద దవాఖానలో చేర్చారు. మల్లయ్య బర్రెలను ఎవరికో అప్పగించి అక్కడే ఉండిపోయాడు.

ఊళ్ళో ఎవరో ఒకరిని అనాలి కదా. భవనం కట్టడానికి పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీలు బండల కింద గుడిసెలు వేసుకుని ఉండేవారు. వాళ్ళు కూడా మా వీధి చేతిపంపు దగ్గరే నీళ్ళు పట్టుకునేవారు. రోగం తెచ్చింది వాళ్ళేనన్నారు. ఎవరు చూశారంటే అందరూ చూశామన్నారు. కొందరు మగవాళ్ళు వెళ్ళి చేతిపంపు పిడి ఊడదీసి తీసుకుపోయారు. కూలీ ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకుని, ఆ మొండి పంపు దగ్గర నిలబడ్డం నేను చూశాను. పని ఆపి మైలు దూరం నడిచి నీళ్ళు తెచ్చుకున్నారు.

తాత ఇల్లిల్లూ తిరిగి, ఎక్కడి నీళ్ళు తాగారు, ఎక్కడ తిన్నారు అని అడిగాడు. ఒకదానికొకటి కలవడం లేదు. ఒకరిది బావి, ఒకరిది పంపు, ఒకరిది ట్యాంకరు. ఆయన నన్ను పిలిచాడు.

"తల్లిదండ్రుల ముంగట పిల్లలు నాకు నిజం చెప్తలేరు. పిల్లలకు పిల్లలే చెప్తరు. నువ్వు పో. మూడు ప్రశ్నలు యాదున్నయా? రోగం లోపలికి పోయినంక నెల దాక చప్పుడు చెయ్యదు. గంత వెనకకు పోయి అడుగు."

నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళాను. నెల కింద ఏం చేశావంటే ఎవరికీ గుర్తులేదు. మంచం మీద పడుకున్న పిల్లలు ఆవులించారు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. తేదీలు వదిలేసి భాగాలు అడిగాను. "విమానం గెంతిన భాగం నాడు ఏం తిన్నావు? నోటిగుడ్డల భాగం నాడు?" అంటే టకటకా చెప్పారు. మంచం పక్కన ఎవరూ లేకుండా చూసి, ఏడుగురూ ఒక్కటే చెప్పారు: ఉత్తర ధ్రువం నాడు ఐసు తిన్నాం, అమ్మకు చెప్పకు. ఏడో పిల్ల రజిత దవాఖానలో ఉందిగా. నాన్న వెంట వెళ్ళి, ఆమె మగతలోంచి కాసేపు తేరుకున్నప్పుడు నేనే అడిగి వచ్చాను. కూలీల గుడిసెల నుంచి మాతో కథ వినడానికి వచ్చే అక్కచెల్లెళ్ళిద్దరు ఆ ఆదివారం స్లాబు పని ఉందని బండకు రాలేదు. పంపు నీళ్ళే తాగినా వాళ్ళకు కామెర్లు రాలేదు. నాకూ రాలేదు.

ఇంటికి వచ్చి ఆ పేజీని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పేజీ చింపేద్దామనిపించింది. చివరికి వెనక గదుల్లోకి వెళ్ళాను. తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"దొరికిందా?"

తలూపాను.

"ఎవలు?"

"ఏడుగురూను. ఐసు తిన్నవాళ్ళే."

"ఎప్పుడు?"

"ఉత్తర ధ్రువం రోజు."

ఆయన ముఖంలో రంగు మారింది. అయినా మూడో ప్రశ్న అడిగాడు. "ఆ ఐసు అంతకు ముందు యాడ ఉండె?"

"మీ సైకిలు మీద తాతా."

వానకు పెంకుల నుంచి చుక్కలు పడుతున్నాయి. ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఒకచోట అక్షరం తప్పుంటే దిద్దాడు కూడా. "మంచిగ పట్టినవ్ బిడ్డా," అన్నాడు. "చేపల పెట్టెలల్ల వేసే ఐసు అది. ముప్పయ్యేండ్లు ఊరందరికి నీళ్ళు కాగబెట్టుర్రని చెప్పిన. ఐసు గూడ నీళ్ళేనన్న సంగతి ఆ ఒక్కనాడు మర్చిపోయిన. మీరు కేకలేసి ఒర్రుతుంటె సంబరమైంది. గంతే."

అప్పటికే విషయం విన్న నాన్న గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇప్పుడు అందరికీ చెప్పాలాండీ? ఎవరికి తెలుస్తుంది? తప్పు ఆ ఐసు అమ్మినవాడిది కదా."

"ఐసోని తప్పు ఐసోనిది సారూ. పిల్లల నోట్ల పెట్టింది నా చెయ్యి. పంపు మొండిగ నిలబడ్డది నా వల్లనే."

చెప్పులు వేసుకుని చేతిపంపు దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకే పరుగెత్తాను. సాయంత్రం కాబట్టి నలుగురూ పోగై ఉన్నారు. దవాఖాన నుంచి బట్టల కోసం వచ్చిన మల్లయ్య కూడా ఉన్నాడు. తాత పంపు గట్టెక్కి, ఒకప్పుడు ఊళ్ళలో జ్వరాల గురించి చాటినట్టే గట్టిగా చెప్పాడు.

"పంపుల రోగం లేదు. గుడిసెలోళ్ళు తేలేదు. ఐసు నేను తెచ్చిన, నేను పలగ్గొట్టిన, నేను పెట్టిన. పిల్లలకు కామెర్లు నా వల్ల వచ్చినయి. పంపుకు పిడి పెట్టుర్రి."

మల్లయ్య ముందుకొచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "నా బిడ్డ ఆడ సక్కగ కండ్లు తెరుస్తలేదు. నువ్వా? ఊరందరికి సుద్దులు చెప్పేటోనివి, నువ్వా?"

తాత చేతులు దించుకునే నిలబడ్డాడు. "నేనే," అన్నాడు.

మల్లయ్య వదిలేసి వెళ్ళిపోయాడు. కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదనుకుంటాను. ఆ పొద్దు గూకకముందే పంపుకు పిడి వచ్చింది. పిడి తెచ్చి బిగించినవాళ్ళు కూలీ ఆడవాళ్ళ వైపు చూడకుండా పని చేశారు. తాత మాత్రం వాళ్ళ మొదటి బిందె నిండేదాకా తానే పంపు కొట్టాడు.

మరుసటి ఆదివారం ఆయన సుద్దముక్క ఒక్క తలుపు మీదే రాసింది, తన తలుపు మీద. "ఇక్కడి నుంచే మొదలైంది." అవ్వ దాన్ని తుడిచింది. ఆయన మళ్ళీ రాశాడు. అవ్వ మళ్ళీ తుడిచింది. మూడోసారికి ఆమె గుడ్డ విసిరికొట్టి, "రాస్కో! ఇంటి అందం పెరుగుతుంది!" అని లోపలికి వెళ్ళింది. ఏడుస్తోందని గొంతు చెప్పింది.

అప్పటి నుంచి ఆయన ప్రతి పొద్దునా ఏడు ఇళ్ళకూ వెళ్ళేవాడు. మరిగించి చల్లార్చిన నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని, తలుపు దగ్గర నిలబడి, "నా వల్ల వచ్చింది. పిల్ల ఎట్లున్నది?" అని అడిగేవాడు. కొందరు తిట్టారు. కొందరు కుర్చీ వేశారు. ఒకామె తిట్టి మరీ కుర్చీ వేసింది. ఆరు ఇళ్ళలో తలుపు తెరిచారు. మల్లయ్య ఇంటి తలుపు మాత్రం, లోపల మనుషుల చప్పుడు వినబడుతున్నా, తెరుచుకోలేదు. ఆయన సీసా గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. మర్నాడు వెళితే సీసా అలాగే ఉండేది.

కథ ఆగిపోయింది. పెద్దవాళ్ళు బండ వైపు వెళ్ళొద్దన్నారు. మా అమ్మ వద్దనలేదు గానీ, వెళ్ళడానికి అక్కడేముంది?

రజిత దవాఖాన నుంచి వచ్చింది. చిక్కి సగమైంది. రెండు వారాలు ఇంట్లో ఉంది. మూడో ఆదివారం తొమ్మిదింటికి నేను పెరట్లో బట్టలు తీస్తుంటే, ఆ పిల్ల ఒక్కతే బండెక్కి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని కనబడింది. నేనూ వెళ్ళి కూర్చున్నాను. మమ్మల్ని చూసి ఒక్కొక్కరే వచ్చారు. రజిత అక్కడి నుంచే కేకేసింది.

"తాతా! ఉత్తర ధ్రువం కాడ ఇడిసిపెట్టినవ్. ఆ పిల్లలు సలికి సస్తున్నరు. వస్తవా, రావా?"

తాత కాగితాల కట్టతో వచ్చాడు. నిలబడే ఉన్నాడు. "మీ నాయనకు చెప్పి వచ్చినవా?"

"నువ్వు సదువు తాతా. మిగిలింది నేను చూసుకుంట."

చదివాడు. ఆ భాగం కొత్తగా రాసినట్టుంది, కాగితాలు నలగలేదు. ఉత్తర ధ్రువంలో మందు దొరకలేదు. రోగం రాని ముసలామె ఒకతి దొరికింది. ఆమె చెప్పింది విని పిల్లలిద్దరూ తిరిగొచ్చి చేసి చూశారు. ఎవరి నుంచి ఎవరికి ఎక్కిలి పోయిందో వాళ్ళు ఫోను చేసి, "నా వల్లే నీకు వచ్చింది" అని చెప్పాలి. అబద్ధమైతే ఎక్కిళ్ళు ఎక్కువవుతాయి. నిజమైతే, చెప్పినవాడికీ విన్నవాడికీ ఇద్దరికీ ఆగిపోతాయి. ముందు ఎవరూ ఒప్పుకోరు. ఢిల్లీ లండన్‌ను అంటుంది, లండన్ టోక్యోను అంటుంది. చివరికి ఒక వంటమనిషి తన యజమానికి ఫోను చేసి చెప్తాడు. ఇద్దరికీ టక్కున తగ్గుతుంది. ఇక చూడండి, మూడు రోజులు ప్రపంచంలో ఫోన్లన్నీ మోగుతూనే ఉంటాయి. రాజులు రాజులకు, కోడళ్ళు అత్తలకు, పంతుళ్ళు పిల్లలకు. ఇక్కడ మేము విరగబడి నవ్వాం. నాన్న, "లైన్లు తట్టుకోవండీ!" అన్నాడు.

అప్పుడు మా వెనక, గోడ అవతలి నుంచి ఒక గొంతు వినబడింది. "రోగం మొదలు పెట్టిన పిల్ల ఏం జేయాలె మరి?"

మల్లయ్య. పాల క్యాను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. రజిత తల వంచుకుంది.

తాత కాగితాలు మడిచాడు. ఆ జవాబు అందులో రాసి లేదని నాకు అర్థమైంది. "ఆమెకు ఫోనుతోటి కాదు," అన్నాడు మెల్లగా. "అందరికి ఆమె నుంచే పోయింది. గందుకని నడుసుకుంట ఇంటింటికి పోతది. తలుపు కొట్టి చెప్తది."

"ఒక ఇంట్ల తలుపు తియ్యకపోతే?"

"మర్నాడు మల్ల పోతది."

"మర్నాడు గూడ తియ్యకపోతే?"

"గా మర్నాడు గూడ పోతది. తియ్యమని అడగది. తియ్యకపోవుడు ఆ ఇంటోళ్ళ ఇష్టం."

భవనం దగ్గర ఎవరో ఇనుప చువ్వల మీద సుత్తితో కొడుతున్నారు. మల్లయ్య క్యాను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల అప్పటికి తలెత్తి, ఆయన వైపే సూటిగా చూస్తోంది.

"రేపు పొద్దుగాల ఎనిమిదింటికి రా," అన్నాడు తాతతో. "పాలు పిండుకొని ఇంటికాడనే ఉంట."

మర్నాడు నేను బడికి తయారవుతుంటే అవ్వ మా గుమ్మంలోకి వచ్చి అమ్మతో చెప్పింది. ఎనిమిదింటికి రమ్మంటే ముసలాయన ఆరున్నరకే వెళ్ళి, మల్లయ్య బర్రెల పక్కన కూర్చుని, పాల చెంబు వాసన చూస్తూ తిట్లు తింటున్నాడట.